పెడగాజు మీద నాట్లు

మొదటి తడి

మడికి తడి పెట్టినప్పుడల్లా నాలుగు ముక్కలు రాసి పంపమని మా మనవరాలు శేషారత్నం ఈ పని నా నెత్తిన పెట్టింది. తను మా లోతుపేటకి వెలుగు ఇంజనీరు. "నీళ్ళెంత, వెలుగు మీటరెంత, ఆకు రంగేంటి. అంతే తాతయ్యా. ఊరి కబుర్లు రాయకు, ఆఫీసులో చదువుతారు" అంది. చదువుతారంటే మరి కబుర్లు లేకుండా ఎలా? నేను ఐదో క్లాసు రెండుసార్లు చదివాను. రెండూ కలిపితే పదో క్లాసు. ఆ మాత్రం గౌరవం నాకుండాలి.

నీళ్ళు సరిపడా. మీటరు నలభై. ఆకు ఎంచక్కా పచ్చగా ఉంది.

మడి మా ఆవిడ మంగాయమ్మది. చందమామ మీద ఎవరైనా వరి వేస్తారా అని ఊరంతా నవ్వుతుంటే, నేనేస్తాను అని కూర్చుంది. రెండు పంటలు పొట్ట దాకా వచ్చి, వెన్ను తియ్యకుండానే ఎండిపోయాయి. వెలుగు చాల్లేదు. ఇది మూడోది. డబ్బాలో మిగిలిన విత్తనాలన్నీ ఇందులోనే చల్లేసింది. ఇది పోతే మళ్ళీ వెయ్యడానికి గింజ లేదు.

మా చైర్మన్ సుభానీ గారు మంచి మనిషే గానీ ఆయన లెక్క ఆయనది. "దొరబాబు గారూ, ఈసారి కూడా గింజ పట్టకపోతే మడి ఎత్తేసి నీళ్ళ ట్యాంకులు పెట్టేస్తాం. అమ్మగారికి మీరే చెప్పండి" అన్నారు. నేను చెప్పలేదు. అప్పుడు ఆవిడ చేతిలో పార ఉంది. చైర్మన్ గారూ, ఇది చదువుతున్నారుగా, మీరే వచ్చి చెప్పండి. పార నేను పట్టుకుంటాను.

రెండో తడి

నీళ్ళు సరిపడా. మీటరు నలభై. ఆకు బాగుంది.

ఇక్కడ నీళ్ళు పెట్టడం చూడాల్సిందే. చెంబు వంచితే నీళ్ళు దిగడానికి తొందరపడవు. పెళ్ళికూతుర్ని పీటల మీదకి తీసుకొస్తున్నట్టు నెమ్మదిగా, సాగుతూ, వణుకుతూ దిగుతాయి. మా ఆవిడ ఒక్క చుక్క పక్కకి పోనివ్వదు. నేను పెడితే సగం నా పంచె తాగుతుంది.

వెలుగు సంగతి చెప్పాలి. మా ఊరు పెద్ద గుంట అడుగున ఉంది. ఇక్కడ ఎండ అనేది ఎప్పుడూ పడలేదు, పడదు. గుంట గట్టు మీద మాత్రం ఎండ దాదాపు ఆరదు. అందుకని గట్టు మీద ఇంటికో అద్దం ఉంది. అద్దానికి ఒక గొట్టం. దాన్ని మేం గానుగ అంటాం. ఎండని పిండి, ఒకే ఒక్క ముదురు ఎరుపు రంగుని సన్నటి ధారగా కిందికి వదుల్తుంది. ఆ ధారని కావాలంటే మన ఇంటి కిటికీకి తిప్పుకోవచ్చు, కావాలంటే మడికి పెట్టొచ్చు. వరికి నీలం వెలుగు కూడా కావాలిట, దానికి దీపాలున్నాయి. కండ పట్టేది మాత్రం ఈ ఎరుపుతోనే.

ఇక మడి కప్పు. అది పెడగాజు. మా శేషు వాళ్ళు పోత పోసింది. కళ్ళమంత వెడల్పు పలక. భూతద్దంలాగ కడుపు ఉండదు, రొట్టెల పీటలాగ చదునుగా ఉంటుంది. మామూలు గాజులో వెలుగు ఒకవైపు వంగితే, ఇందులో సరిగ్గా రెండోవైపు వంగుతుంది. లోపల కంటికి ఆనని వెండి ఉంగరాలు కోట్లకొద్దీ అల్లి ఉన్నాయట. నడిమధ్యలో ఒక చుక్కలో వెలుగు కొడితే చాలు, అది లోపల పెడగా వంగి, ఒకచోట కలుసుకుని, మళ్ళీ విచ్చుకుని మడంతా సమానంగా పరుచుకుంటుంది. నేను దాని కింద వెల్లకిలా పడుకుని చూస్తుంటాను. మంగాయమ్మ వచ్చి కాలితో తడుతుంది. "పోయావా, నిద్రపోతున్నావా?" అని. ఏం చెప్పను? అంత అందాన్ని నిలబడి చూస్తే మెడ పట్టేస్తుంది.

నాలుగో తడి

మూడో తడి రాయలేదు. జలుబు. చైర్మన్ గారు మన్నించాలి.

నీళ్ళు సరిపడా. మీటరు నలభై. ఆకు కొస పసుపు తిరిగింది.

చేను పొట్టకొస్తోంది. ఇప్పుడు యాభై పైన వెలుగు కావాలంది శేషు. మాట ఊరంతా పాకింది. ఇంక చూసుకోండి, వెలుగు పెట్టడం మొదలైంది.

మా దగ్గర ఇదొక మర్యాద. ఒకళ్ళకి అవసరమొస్తే మిగతా ఇళ్ళవాళ్ళు తమ ధారని అటు తిప్పి, అద్దం పిడికి పసుపుతాడు కడతారు. ఆ పని పూర్తయ్యేదాకా తాడు విప్పకూడదు. విప్పితే ఇచ్చింది వెనక్కి లాక్కున్నట్టు. ఇంకొకటి కూడా ఉంది. పెడగాజు నడిమధ్యలో మంగాయమ్మ ఒక ఎర్రపూస అంటించింది. దాన్ని బొట్టు అంటాం. వెలుగు పెట్టేవాళ్ళు సరిగ్గా బొట్టు మీదకే కొట్టాలి. పక్కకి కొడితే మనసులేకుండా పెట్టారని అర్థం. పోయినసారి ఎవరిదో జానెడు పక్కకి పడితే, మా ఆవిడకీ వాళ్ళావిడకీ నెల్లాళ్ళు మాటల్లేవు.

గట్టు మీద అద్దాలన్నీ తిప్పేది మా బావమరిది బుల్లబ్బాయి. గురి అంటే వాడిదే. ఇంతవరకూ బొట్టు తప్పలేదు. పెళ్ళిచూపుల్లో తప్ప.

"బావా, ఇంకో ఇల్లు పెట్టింది. ఎక్కించేశాను. ఆయ్" అని ఫోనులో చెప్తున్నాడు.

"మీటరు కదల్లేదురా."

"నీ మీటరుకి కళ్ళజోడు కావాలేమో చూడు."

ఐదో తడి

నీళ్ళు సరిపడా. ఇళ్ళు సగం పైగా వెలుగు పెట్టేశాయి. మీటరు నలభైకి కొంచెం తక్కువ.

సరిగా చదివారు. తక్కువ.

శేషు అందరిచేతా గాజు తుడిపించింది. దుమ్మేమో అనుకుంది. నేనూ తుడిచాను. పలక నా మొహంకన్నా శుభ్రంగా ఉంది.

ఇంతలో బుల్లబ్బాయి ఫోను. గొంతు మారిపోయింది. "బావా, నేనో వింత చూస్తన్నాను. అక్కని పిలు. బొట్టు వెలుగుతోంది. ఎర్రగా కాదు. వంకాయ రంగులో! నల్ల కళ్ళద్దాల్లోంచి చూస్తే గుంట అడుగున పువ్వు పూసినట్టుంది."

లిఫ్టెక్కి ఊరంతా గట్టు మీది గాలిగదిలోకి పోయింది. నేనూ పోయాను. ఒట్టు, నా జన్మలో అంత చక్కటి రంగు చూడలేదు. అంత చీకటి గుంటలో ఒక్కచోట, లేత వంకాయ తొడిమ కింద నిగనిగలాడే రంగు. ఎర్రటి వెలుగు పంపిస్తే ఇది ఎలా వచ్చింది? జనం చేతులెత్తి దణ్ణం పెట్టారు. మడి మన వెలుగు అందుకుని తిరిగి దీవిస్తోంది అన్నారు. సుభానీ గారు కూడా కళ్ళు తుడుచుకుని, "మా ఇంటి ధార కూడా తిప్పెయ్ బుల్లబ్బాయ్" అన్నారు. ఆయన వంటింటి దీపం ఆగిపోయి వాళ్ళావిడ బీబీ గారు చేతిదీపంతో రొట్టెలు కాలుస్తున్నారని తర్వాత తెలిసింది. మాడ్చారని కూడా తెలిసింది.

ధార పెరిగేకొద్దీ పువ్వు ఇంకా పెద్దదైంది. పువ్వు పెద్దదయ్యేకొద్దీ మిగిలినవాళ్ళూ పెట్టేశారు. ఊరు చీకటి. చేనేమో పసుపు.

శేషు ఒక్కతే దణ్ణం పెట్టలేదు. ఆ రంగు వంక అలా చూస్తూ నిలబడింది, దొంగ దొరికాక పోలీసు చూసినట్టు.

అదే రోజు, కాసేపయ్యాక

దీన్ని ఏ తడి కింద రాయాలో తెలీక విడిగా రాస్తున్నాను.

శేషు మడి దగ్గర అందర్నీ నిలబెట్టింది. మీటరు మధ్యలో పెట్టింది. ఫోనులో, "చిన్నతాతా, ఒక్కో ఇంటి ధారా మూస్తూ రా. తాడు విప్పకు, మూత వెయ్యి చాలు" అంది.

ఒక ఇల్లు మూశాడు. ముల్లు కదల్లేదు. ఇంకొకటి. కదల్లేదు. చైర్మన్ గారిది. కదల్లేదు. ఆయన మొహం చూడాలి! ఇంట్లో రొట్టెలు మాడ్చుకుని మరీ పెట్టిన వెలుగాయె. సగం ఇళ్ళు మూసినా ముల్లు అక్కడే ఉంది. ఒకటి రెండుసార్లు కాస్త పైకి కూడా పోయింది. పైన మాత్రం, "పువ్వు వాడిపోతోందే!" అని బుల్లబ్బాయి ఏడుస్తున్నాడు.

"అంటే మేం పెట్టిన వెలుగు ఏమైనట్టమ్మా?" అన్నారు సుభానీ గారు.

"ఆ పువ్వే మీ వెలుగు" అంది శేషు. "కిందికి రాలేదు. రంగు మార్చుకుని వెనక్కి వెళ్ళిపోతోంది."

ఎవరికీ అర్థం కాలేదు. నాకు అందరికన్నా ఎక్కువగా అర్థం కాలేదు. అందుకని నన్నే అడిగింది. "తాతయ్యా, రెండు దీపాల వెలుగులు ఎదురెదురైతే ఏమవుతుంది?"

"ఏమవుతుంది? మీ అమ్మమ్మా నేనూ వీధిలో ఎదురైనట్టు. పలకరించుకోకుండా ఎవరి దారిన వాళ్ళు పోతారు."

"పలచగా ఉన్నప్పుడు అంతే. కానీ బొట్టంత చోట ఊరి వెలుగంతా దూరితే, ఆ రద్దీలో పెడగాజు వాటికి జంటలు కట్టేస్తుంది. రెండు ఎరుపులు కలిసి ఒక వంకాయ రంగు. వెలుగు రెట్టింపైతే జంటలు నాలుగురెట్లు."

"పెళ్ళిళ్ళ పేరయ్యన్నమాట మన గాజు. మరి జంటై కిందికే రావచ్చుగా?"

"అక్కడే ఉంది దీని పెడ. ఈ గాజులో ఎర్ర వెలుగు కిందికి దిగుతుంటే, దాని అలలు మాత్రం పైకి అడుగులేస్తాయి."

నేను నమ్మలేదు. మంగాయమ్మ మాత్రం చేను గట్టు మీద కూర్చుని తలెత్తకుండానే, "అందులో వింతేముంది? నాట్లేసేటప్పుడు మేం నడిచేది వెనక్కే కదా. మడి నిండేది ముందుకి" అంది.

శేషు కళ్ళు మెరిశాయి. "అదే అమ్మమ్మా! సరిగ్గా అదే. పుట్టిన వంకాయ రంగు ఆ అలల అడుగులోనే అడుగేస్తుంది. కానీ దానికి ఇది పెడగాజు కాదు, ఉత్త గాజు. అడుగులు ఎటో వెలుగూ అటే. అందుకని పుట్టీ పుట్టగానే వచ్చిన దారిన పైకి పోతుంది. ఎంత పోస్తే అంత వెనక్కి. పైగా గాజు వేడెక్కి ఉన్నది కూడా తగ్గుతోంది."

ఇందాక దణ్ణం పెట్టిన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. నాకు మాత్రం, చేను ఎండిపోతున్నా సరే, లోపల్లోపల భలే అనిపించింది. కంటికి ఆనని ఉంగరాలు, వాటిల్లో వెనకడుగుతో ముందుకొచ్చే వెలుగు, జంట కట్టి పారిపోయే రంగు. ఎవరో కూర్చుని ఇంత అల్లరి ఆలోచించారంటే వాళ్ళు మా వంశమే అయ్యుండాలి.

"అయితే ఏం చెయ్యమంటావు?" అన్నారు చైర్మన్ గారు.

"బొట్టు వదిలి పక్కలకి కొట్టాలి. ఎవరి ధార వాళ్ళది, దూరదూరంగా. పలక ఇంత పెద్దదుంది. పలచగా పడితే జంటలు కుదరవు, ఎర్ర వెలుగు ఎర్రగానే దిగుతుంది."

అప్పుడు మొదలైంది గొడవ. బొట్టు తప్పించి పెట్టడం మాకు చేతకాదన్నారు. మనసులేకుండా పెట్టినట్టు మా ఇంటిపేరు మీద మచ్చ ఎందుకన్నారు. ఫోనులో బుల్లబ్బాయి, "ఇన్నాళ్ళ నా గురి ఇప్పుడు తప్పమంటారా?" అని ఒకటే గోల. శేషు మంగాయమ్మ వైపు చూసింది. ఆవిడ మాటంటే అయిపోతుంది.

ఆవిడ అనలేదు. "వద్దు. నా కోసం ఇళ్ళు చీకటి చేసుకున్నారు. మీ వెలుగు పక్కకి పొమ్మని నేను చెప్పలేను. పంట పోతే పోనీ" అంది. లోపలికి వెళ్ళిపోయింది.

అన్నం తినలేదు. నేను కూరలో ఉప్పు ఎక్కువైందని అబద్ధం ఆడాను, కనీసం తిడుతుందేమోనని. తిట్టలేదు. నాకు నిజంగా భయమేసింది.

ఆరో తడి

నీళ్ళు సరిపడా. మీటరు ముప్పై ఎనిమిది. పొట్టలు బిగుసుకుని అలాగే ఉన్నాయి. ఇంకో తడికి వెన్ను కనపడకపోతే ఇంక తియ్యదు అంది శేషు.

మంగాయమ్మ చేనులో ఒక దుబ్బు దగ్గర వంగి చాలాసేపు చూసింది. నేను పక్కనే నిలబడి, "ఏమే, ట్యాంకులు వస్తే అందులో చేపలు పెంచుదువుగాని" అన్నాను. ఏదో ఒకటి అనాలి కదా.

"ఇదిగో" అంది. "నారు పోసినప్పుడు ఎలా ఉంటుంది?"

"గుబురుగా."

"దాన్ని అలాగే వదిలేస్తే?"

"ఒకదాన్నొకటి తినేస్తుంది. పీకి నాటాలి."

"పీకినప్పుడు నారుమడికి కోపమొస్తుందా? నన్ను ఎందుకు పక్కకి పెట్టావని ఏ మొక్కైనా అడిగిందా?" లేచి కొంగు బిగించింది. "వెలుగు పెట్టడం తప్పు కాదు. మనం నారు పోసి ఊరుకున్నాం. ఇంకా నాట్లు వెయ్యలేదు."

నేను నోరు తెరిచాను. ఈగ దూరేంత. ఇక్కడ ఈగలు లేవు కాబట్టి సరిపోయింది.

ఇల్లిల్లూ తిరిగింది. నేనూ వెనకాల. బొట్టు తీసెయ్యమని అడగలేదు, పక్కకి పొమ్మని అడగలేదు. గడప దగ్గర నిలబడి, "రేపు పెడగాజు మీద నాట్లు. మీ ఇంటి నుంచి ఒక మనిషి రావాలి. మీ పూస మీరే తెచ్చుకోండి" అంది. అంతే. నాట్లకి పిలిస్తే రానని మావాళ్ళెవరూ అనరు. చైర్మన్ గారింట్లో బీబీ గారు, "నాకు నాట్లు రావు మంగాయమ్మా" అన్నారు. "మా ఆయనకీ రావు. అయినా యాభై ఏళ్ళు నెట్టుకొచ్చాను" అంది మా ఆవిడ. ఇద్దరూ నన్ను చూసి నవ్వారు. తిట్టింది! నా ప్రాణం కుదుటపడింది.

నాట్ల రోజు

నీళ్ళు లేవు. మీటరు సున్నా. గానుగలన్నీ మూయించి, కప్పు పైనున్న గదిలోకి గాలి వదిలి, చల్లారాక అందర్నీ పలక మీదకి ఎక్కించింది శేషు. చెప్పుల్లేకుండా.

ముందు మంగాయమ్మ నడిమధ్యకి వెళ్ళి, బొట్టుకి దణ్ణం పెట్టి, తీసి, పలక మూల కొసకి అంటించింది. "ఇది మా ఇంటిది" అంది. ఊరి నడిబొడ్డున ఉండాల్సిన తన పూసని తనే అంచుకి పెట్టుకున్నాక ఇంకెవరేమంటారు?

తర్వాత ఆడవాళ్ళు వరసగా వంగారు. శేషు తాడు పట్టుకుంది, మూరకి ఒక పూస. ఒకటి నాటి వెనక్కి ఒక అడుగు, ఇంకొకటి నాటి వెనక్కి ఒక అడుగు. ఇక్కడ బరువు తక్కువ కదా, ఒక్కోళ్ళు అడుగేస్తే రెండు మూరలు తేలిపోతున్నారు. మళ్ళీ ముందుకొచ్చి నాటుకోవడం, నవ్వుకోవడం. బీబీ గారైతే వెనక్కి తేలి తేలి నా మీదకొచ్చి పడ్డారు. "క్షమించండి అన్నగారూ." "పర్లేదమ్మా, ఇక్కడ వెలుగు కూడా అలాగే నడుస్తుంది."

చైర్మన్ గారు వాకిట్లో నిలబడి తమ ఇంటి పూస ఎక్కడ పడిందో మెడ చాపి చూశారు. కిటికీ పక్కన. తృప్తిపడ్డారు.

బుల్లబ్బాయి ఒక్కడే బిక్కమొహం వేశాడు. ఒక్క గురి పోయి ఇన్ని గురులాయె. "అక్కా, ఇన్నిట్లో గురి తప్పుతుందేమోనే."

"తప్పితే పక్కింటి పూస మీద పడుతుంది. అంతేగా. ఎవరూ ఏమనుకోరు. కొట్టు" అంది.

ఒక్కో ధారా దిగడం మొదలైంది. మేం మడిలోకి దిగి కింద నిలబడ్డాం. పలక మీద ఒకచోట ఎర్ర చుక్క, ఇంకోచోట ఇంకొకటి. చీకటిలో దానిమ్మకాయ విప్పినట్టు. నలభై. నలభై ఐదు. మంగాయమ్మ మీటరు చూడట్లేదు. చేనునే చూస్తోంది. యాభై దాటింది. శేషు నా చెయ్యి పట్టుకుంది. గోళ్ళు గుచ్చుకున్నాయి. అరవై దగ్గర ఆగింది. కొన్ని ఇళ్ళ ధారలు ఇంకా దిగనే లేదు.

"మిగిలినవాళ్ళు తాళ్ళు విప్పుకుని దీపాలు వెలిగించుకోండి" అంది శేషు. "చాలు."

ఎవరూ విప్పలేదు. మా ఆవిడే కసిరి విప్పించింది.

ఏడో తడి

నీళ్ళు సరిపడా. మీటరు అరవై. వెన్ను తీసింది.

అంతకుమించి రాయను. పోయి చూసుకోండి.

తొమ్మిదో తడి

పూత. ఇక్కడ గాలి వీచదు, పుప్పొడి రాలాలంటే తాడు లాగాలి. ఒక కొస చైర్మన్ గారు, ఒక కొస నేను. వెన్నుల మీంచి తాడు మెల్లగా దువ్వుకుంటూ పోయాం. పుప్పొడి కింద పడటానికి ఎంతసేపో పట్టింది. ఎర్ర వెలుగులో పొగమంచులాగ అలా నిలబడిపోయింది. సుభానీ గారు తాడు వదిలేసి చూస్తూ ఉండిపోయారు. "లాగండి సార్, ట్యాంకులు కావు ఇవి" అన్నాను. లాగారు.

పన్నెండో తడి

నీళ్ళు తగ్గించాం. మీటరు అరవై.

మంగాయమ్మ ఒక వెన్ను వంచి, ఒక్క గింజ గిల్లి, గోటితో నొక్కింది. తెల్లటి పాలు. గోరు మీద చుక్కలా నిలబడింది. జారలేదు. ఇక్కడ ఏదీ తొందరపడి జారదు. దాన్ని అలాగే చూసుకుంటూ ఫోను దగ్గరికి నడిచింది.

"ఒరే బుల్లబ్బాయ్. పాలు పోసుకుందిరా."

వాడు ఏడుస్తాడని తెలిసి నేను ఏడిపించడానికి సిద్ధంగా ఉన్నాను.

"అక్కా, ఇక్కణ్ణుంచి ఏం కనపట్టంలేదే" అన్నాడు వాడు. "ఎరుపు లేదు, వంకాయ రంగు లేదు. గుంటంతా నల్లగా ఉంది. మనం పోసింది ఒక్క చుక్క కూడా వెనక్కి రాట్లేదు. ఎంత బాగుందో."